గడ్డం కింది పొక్కులు

మొటిమలు రావాల్సిన వయసులో నాకు రాలేదు. డిగ్రీ చదివే రోజుల్లో నా స్నేహితుల ముఖాలన్నీ ఎర్రగా పొక్కిపోయి ఉంటే, నేను హాస్టల్ అద్దం ముందు నిలబడి నా చెంపలు నేనే నిమురుకుని మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెం ముప్పై దాటేదాకే. తర్వాత మొదలైన పొక్కులు కూడా చెమటలు కారే ఎండాకాలంలో రాలేదు. కార్తీకం వచ్చి, పొద్దున బండి నడుపుతుంటే వేళ్లు బ్రేకు మీద బిగుసుకుపోయే చలి మొదలైందంటే చాలు, నా ముఖానికి తిక్క లేస్తుంది. ముందు బుగ్గల మీద చర్మం తెల్లగా పొడిబారుతుంది. తర్వాత నీళ్లు తగిలితే చురుక్కుమంటుంది. ఆ తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే దవడ కింద ఎర్రటి పొక్కు కూర్చుని ఉంటుంది. శివరాత్రి దాకా ఇక నా ముఖం మీద పెత్తనం నాది కాదు.

నేను చేసే పని కూడా నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది. సిద్దిపేటలో పాత బస్టాండు దగ్గర నాకు ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం ఉంది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, లీడర్లకు స్వాగతాలు. ఫోన్లో ఫోటో పంపి, దుకాణానికొచ్చి, నా భుజం మీదుగా కంప్యూటర్లోకి వంగి చూస్తూ, "అన్నా, గా బుగ్గ మీది మొటిమ తీసెయ్యి, జర తెల్లగ చెయ్యి" అంటారు. తీసేస్తాను. నున్నగా చేసి, నిలువెత్తున అచ్చు వేసి ఇస్తాను. చిన్నకోడూరు నుంచి వచ్చే ఒక కుర్ర నాయకుడు ప్రతి చలికాలం నన్ను చూసి, "ఊరోళ్ల మొఖాలన్ని సాఫ్ చేస్తవ్, నీది నువ్వు చేసుకోరాదే అన్నా" అని నవ్వేవాడు. "నా మొఖానికి మౌసు పనిచేస్తలేదు తమ్మీ" అనేవాణ్ణి పైకి. లోపల మాత్రం వాణ్ణి వాడి ఫ్లెక్సీలోనే చుట్టి రోడ్డు మీదికి దొర్లించాలనిపించేది.

నాకు కోపం ఎక్కువ, నిలకడ తక్కువ. పొక్కు లేస్తే దాని మానాన దాన్ని వదిలెయ్యడం నా వల్ల కాదు. టీవీ చూస్తున్నా, ఫోన్ మాట్లాడుతున్నా వేలు దానంతట అదే దవడ మీదికి పోతుంది. పండిందా లేదా అని నొక్కి చూస్తాను. పండకపోతే కోపం వచ్చి గిల్లుతాను. నా భార్య పక్కన ఉంటే చెయ్యి మీద ఫట్టున ఒక్కటి వేసేది. "ముట్టకుంటే అదే పోతది. నువ్వు ముట్టుకుంటవు, అది నెలుంటది" అనేది. కోల్డ్ క్రీమ్ డబ్బా తెచ్చి నా చేతికిస్తే, అది రాసుకుంటే జిడ్డుగా ఉందని తుడిచేసేవాణ్ణి. కలబంద గుజ్జు పెడితే చల్లగా ఉందని గోడవతల పారేసేవాణ్ణి. ప్రతి ఏడూ ఇదే తంతు.

పోయిన చలికాలం మాత్రం సంగతి ముఖంతో ఆగలేదు.

మాకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఐదో నెల దాటాక పోయింది. దవాఖాన వరండాలో ఇనుప కుర్చీలో కూర్చుని ఉంటే లోపలి నుంచి ఆమె ఏడుపు వినబడింది. లోపలికి పోవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. అప్పుడు మొక్కుకున్నాను. మళ్లీ కడుపు పండి నిలబడితే, ఆ ఏడే అయ్యప్ప మాల వేసుకుని, మండలం దీక్ష పూర్తి చేసి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండెక్కుతానని. దేవుడితో నాకు అంతవరకు పెద్దగా మాటలు లేవు. ఆ పూట ఇంకెవరితో మాట్లాడాలో తెలియలేదు.

మూడోసారి నెల తప్పింది, నిలిచింది. కార్తీకం వచ్చేసరికి ఆమెకు ఎనిమిదో నెల. కాన్పు పుష్యమాసంలో అవుతుందని దవాఖానలో చెప్పారు. దీక్ష అంతకంటే ముందే ముగుస్తుంది, కొండకు పోయి తిరిగి వచ్చేస్తాను, వచ్చాక బిడ్డను ఎత్తుకుంటాను. నా లెక్క నాకు ముచ్చటగా కనిపించింది.

మా కాలనీ గుడిలో మాలలు వేసే గురుస్వామికి మాత్రం అది నచ్చలేదు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఆయన. ఎవరిమీదా గొంతు పెంచడు. "ఇంట్ల కడుపుతోని మనిషి ఉన్నప్పుడు మాల ఎందుకు స్వామీ? కాన్పైనంక వచ్చే ఏడు వేసుకో. మొక్కు ఏడికి పోతది?" అన్నాడు. నేను వినలేదు. ఈ ఏడు అని మొక్కి వచ్చే ఏటికి జరిపితే, ఈలోపు ఏమన్నా అయితే? ఆ మాట పైకి అనలేదు గానీ నా ముఖం చూసి ఆయనకు అర్థమై ఉంటుంది. నాది భక్తి కాదు, భయం. చివరికి ఒక షరతు పెట్టాడు. "కాన్పు అయిందంటే పురుడు. పురుడు వచ్చిన ఇంటోడు మాల ఉంచుకోవద్దు. ఇరుముడి కట్టకముందే కాన్పైతే ఆ దినమే మాల తియ్యాలె. మల్ల నాతోని పంచాయితీ పెట్టద్దు" అన్నాడు. సరేనన్నాను. ముందుగా ఎందుకవుతుంది, లెక్క ఉంది కదా అనుకున్నాను.

మాల పడిందంటే మనిషి మారాలి. నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, కటిక నేల మీద పడక, తెల్లవారక ముందే చన్నీళ్ల స్నానం. మళ్లీ పొద్దు గూకగానే ఇంకోసారి. సబ్బు లేదు, నూనె లేదు, గడ్డం తియ్యకూడదు. ఎదుటివాడు ఎవరైనా స్వామీ అనే పిలవాలి, ఆడవాళ్లను మాతా అనాలి. అన్నిటికంటే కష్టం, కోపం తెచ్చుకోకూడదు. డాబా మీది ట్యాంకులో రాత్రంతా చలికి జిల్లుమన్న నీళ్లు నెత్తిన పోసుకుంటే ఊపిరి ఆగి, శరణుఘోష దానంతట అదే గొంతులోంచి వచ్చేది. కోమటిచెరువు వైపు నుంచి వచ్చే గాలి తడి ముఖాన్ని కోసేది. మామూలు చలికాలంలోనే తట్టుకోలేని చర్మం నాది. నూనె చుక్క లేకుండా దాన్ని రోజుకు రెండుసార్లు అట్లా ఝాడిస్తే ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. గడ్డం ఒత్తుగా అవుతున్నకొద్దీ దాని కింద గుల మొదలైంది. ముందు దవడ కింద, తర్వాత మెడ మీద, తర్వాత పైపెదవి మీద. ప్రతి వెంట్రుక కుదుట్లో ఒక పొక్కు. ఎదురుగా ఉంటే కదా కనబడేది, గడ్డం చాటున దాక్కుని పెరిగాయి. నేను గంధం అరగదీసి దట్టంగా పట్టించాను. ఎండిపోయి చర్మాన్ని ఇంకా లాగింది. విభూతి అద్దాను. అది చీములో కలిసి గట్టిపడింది. స్నానం చేసి తుడుచుకున్న కండువాతోనే సాయంత్రం కూడా తుడుచుకునేవాణ్ణి. మందు రాసుకుంటే దీక్షలో లోటు చేసినట్టని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అది గురుస్వామి చెప్పింది కాదు, ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. ఎంత బాధపడితే మొక్కు అంత గట్టిగా నిలుస్తుందని నా బుర్రకు తోచింది.

ఇంట్లో నా భార్యకు తోడుగా చింతమడక నుంచి వాళ్లమ్మ వచ్చి ఉంది. మా అత్తమ్మ మంచి మనిషి. నోరు మాత్రం కాస్త పదును. నేను చాప మీద కూర్చోగానే ఆమె కళ్లు నా చేతి మీదే ఉండేవి. "స్వామీ, చెయ్యి దియ్యి" అనేది వంటింట్లోంచి. తీసేవాణ్ణి. రెండు నిమిషాలు కాగానే, "మల్ల పోయింది స్వామీ చెయ్యి" అనేది. స్వామి అని పిలుస్తూనే ఒక మనిషిని ఎంత తిట్టవచ్చో ఆమె దగ్గర నేర్చుకోవాలి. నా భార్య మంచం మీద దిండ్లకు ఆనుకుని నవ్వేది. నేను ఆమెను మాతా అని పిలిచినప్పుడల్లా ఇంకా నవ్వేది. "గట్ల పిలవకు, నవ్వితే కడుపు గుంజుతుంది" అనేది. ఆ నవ్వు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. మరుక్షణం ఆమె అట్లా నవ్వొచ్చో లేదో అని గుబులు పట్టుకునేది.

దుకాణంలో కూర్చోలేకపోయేవాణ్ణి. లేచి బయటికి పోయేవాణ్ణి, రోడ్డు మీద చెప్పుల్లేకుండా రెండడుగులు వేసి కాళ్లు జిల్లుమనగానే లోపలికి వచ్చేవాణ్ణి. ఫోన్ తీసి ఇంటికి చేసేవాణ్ణి. "ఎట్లున్నది?" "మంచిగనే ఉన్న. ఇప్పుడే గదా చేసినవ్." పెట్టేసి గోక్కునేవాణ్ణి. ఒకాయన తన షష్టిపూర్తి ఫ్లెక్సీలో ముడతలు తీసెయ్యమని, తీసేశాక ఇది నేను కాదన్నట్టుందని, మళ్లీ పెట్టమని, పెట్టాక ఎక్కువైనయని పూటంతా నన్ను తిప్పించాడు. గడ్డం కింద నిప్పులు పోసినట్టు ఉంది. స్వామి శరణం, స్వామి శరణం అని పళ్ల బిగువున అన్నాను. "ఏంది స్వామీ, గుర్రు గుర్రుమంటున్నవ్?" అన్నాడాయన.

మార్గశిరం సగానికి వచ్చేసరికి మెడ పక్కన బిళ్లలు కట్టాయి, ఒళ్లు వెచ్చబడింది. పొక్కులు గడ్డం దాటి బుగ్గల మీదికి ఎక్కాయి. ఒక పొద్దున గుడిలో పూజ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. మా అత్తమ్మ గుమ్మంలోనే నన్ను ఆపింది. స్వామి అనడం కూడా మరిచిపోయింది. "బిడ్డా, నీకు అమ్మవారు పోసినట్టున్నది. లోపల కడుపుతోని పిల్ల ఉన్నది. నువ్వు రాకు" అంది. నా భార్యను అప్పటికే వెనక గదిలోకి మార్చి తలుపు దగ్గరికి వేసింది. ఆటలమ్మ నిండు నెలల మనిషికి సోకితే ఏమవుతుందో నాకు సరిగ్గా తెలియదు. తెలియకపోవడం వల్ల ఇంకా ఎక్కువ భయం వేసింది. ఆ వరండా, ఆ ఇనుప కుర్చీ కళ్లముందుకు వచ్చాయి. గురుస్వామికి ఫోన్ చేస్తే, "అమ్మవారో కాదో నువ్వు నేను చెప్తే అయితదా? చర్మం డాక్టర్ దగ్గరికి నడువు" అన్నాడు.

చర్మం డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నల్ల బట్టల్లో, ఉత్తకాళ్లతో పోయి కూర్చున్న నన్ను చూసి ఏమీ అనలేదు. లైటు దగ్గరగా పెట్టి గడ్డం పాయలు తీసి చూసింది. "ఇది ఆటలమ్మ కాదు" అంది. నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. కంట్లో నీళ్లు తిరిగాయి. ఆమె తన మానాన చెప్పుకుంటూ పోయింది. చలికి చర్మం పొడిబారి పగిలింది, ఆ పగుళ్లను నేను గోకాను, గోళ్లలోని మురికి వెంట్రుకల కుదుళ్లలోకి పోయి చీము పట్టింది. గోరువెచ్చటి నీళ్లతో కడగాలి, మాత్రలు వేసుకోవాలి, రోజుకో ఉతికిన తువ్వాలు వాడాలి, పూత మందు రాయాలి. "గడ్డం కత్తెరతోని పొట్టిగ తియ్యిన్రి. లేకుంటే మందు వెంట్రుకల మీదనే ఆగుతది, తోలుకు తగలదు" అంది.

"మాల ఉంది మేడం. తియ్యద్దు" అన్నాను.

ఆమె రాయడం ఆపి అడిగింది. "ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

"పుష్యంల వస్తరు" అన్నాను.

"అయితే అప్పటికి ఇది మానాలె. ఈ చీము ముట్టుకుంటే అంటుకుంటది. పసిపిల్లల తోలు చాన పల్చగుంటది. పుండ్లు ఎండేదాక మీరు పిల్లను ఎత్తుకోవద్దు, మొఖం దగ్గరికి తీసుకపోవద్దు."

ఇంటికి వచ్చే దారంతా ఆ మాటే. గడ్డం తీస్తే దీక్ష చెడుతుంది. దీక్ష చెడితే, ఏ బిడ్డ కోసం మొక్కానో ఆ బిడ్డకు ఏమవుతుందో అని భయం. గడ్డం ఉంచితే ఇది మానదు. మానకపోతే ఆ బిడ్డను నేను ముట్టుకోను. గురుస్వామిని అడిగితే, "మాత్రలు మింగు, మందు రాసుకో, సబ్బు రుద్దుకో, రోగానికి దోషం లేదు. గడ్డం సంగతి మాత్రం నేను చెప్ప. అది నీకు నీ స్వామికి నడుమ" అన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. వద్దు అనో తియ్యి అనో ఒక మాట అంటే నా నెత్తి మీద బరువు దిగేది కదా.

వేపమండలు విప్పారు. నా భార్య ముందుగదిలోకి వచ్చి, నేను చెప్పిందంతా విని, "తియ్యి" అంది ఒక్కమాటగా.

"మొక్కు?"

"మొక్కింది నువ్వు. ఈ పిల్లను మోస్తున్నది నేను, నీ గడ్డం కాదు" అంది.

"నీకేం తెల్వదు" అన్నాను.

"నాకు తెల్వదా?" అంది. ఆ రెండు ముక్కలే. లోపలికి వెళ్లిపోయింది. ఆ రెండుసార్లూ బిడ్డ పోయింది ఆమె ఒంట్లోంచి. నేను వరండాలో ఉన్నాను. అయినా గడ్డం తియ్యలేదు. ఇంకా కొద్దిరోజులే కదా, ఇరుముడి అయిపోతుంది, కొండ దిగిరాగానే గడ్డం తీయించుకుంటాను, మందు రాసుకుంటాను, బిడ్డ వచ్చేసరికి మానిపోతుంది. మళ్లీ లెక్కలు.

మాత్రలకు జ్వరం తగ్గింది. బుగ్గల మీదివి వాడాయి. గడ్డం కిందివి మాత్రం ఒకటి ఎండితే ఇంకొకటి పండేది. మందు రాస్తే వెంట్రుకలు జిగురుగా అతుక్కునేవి. చేతులు ఊరికే ఉంచలేక గోళ్లు కొరుక్కునేవాణ్ణి, గోళ్లు తియ్యకూడదని గుర్తొచ్చి మానేసేవాణ్ణి, మానెయ్యగానే చెయ్యి మళ్లీ దవడకు పోయేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఏది ముందు వస్తుంది, కొండనా, కాన్పునా, మందు పని చెయ్యడమా? ఈ మూడింటినీ రోజుకు వందసార్లు అటూ ఇటూ పేర్చి చూసుకునేవాణ్ణి.

ఇరుముడి ఇంకా వారం ఉందనగా, మంచు దట్టంగా కమ్మిన ఒక పొద్దున, నేను స్నానం చేసి పూజకు బయల్దేరుతుంటే వెనక గదిలోంచి మా అత్తమ్మ కేకేసింది. నొప్పులు మొదలయ్యాయి. నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. పక్కింటాయన కారు తీశాడు. ఎదుటి బండి కనబడని మంచులో లైట్లు వేసుకుని దవాఖానకు పోయాం. నా భార్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, దారిలో నేను ఒక్కసారి కూడా గోక్కోలేదు. లోపలికి తీసుకుపోయేటప్పుడు నేనూ వెంటపోబోతే నర్సు నా ముఖం చూసి ఆగిపోయింది. "స్వామీ, మీరు బయటనే ఉండున్రి. లోపల చిన్నపిల్లలుంటరు" అంది.

బయట కూర్చోలేదు. కుర్చీ ఉంది గానీ కూర్చోలేదు. పొద్దెక్కి మంచు విడిపోయే దాకా ఆ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. అరికాళ్లు మొద్దుబారాయి. అప్పుడు తలుపు తెరుచుకుని మా అత్తమ్మ బయటికి వచ్చింది. చేతుల్లో పాత చీరగుడ్డలో చుట్టిన మూట. "ఆడివిల్ల. ఇద్దరు మంచిగున్నరు" అంది. ఏడుస్తూ నవ్వుతోంది. గుడ్డలోంచి నల్లటి జుట్టు, వేలెడంత నుదురు కనిపించాయి. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆగు స్వామీ. గా మొఖంతోని వద్దు" అంది. ఆమె తప్పేమీ లేదు, నేను చెప్పిన మాటే ఆమె పాటించింది. అయినా ఆ అడుగు నా గుండెలో గుచ్చుకుంది. మూటను లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది.

గురుస్వామికి ఫోన్ చేశాను. "శుభం స్వామీ. మహాలక్ష్మి వచ్చింది. పురుడొచ్చింది, గుడికి రా" అన్నాడు. గుడి బయట వేపచెట్టు కింద నన్ను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, మంత్రం చెప్పి, మాల నా మెడలోంచి తీశాడు. వారం మాత్రమే మిగిలి ఉంది. మెడ ఖాళీ అయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు. "మొక్కు చెడిపోయింది గద స్వామీ? బిడ్డకు ఏమన్న అయితదా?" అని అడిగాను. అన్నాళ్లూ లోపల ముల్లులా ఉన్న మాట అది. పెద్దాయన మాలను కళ్లకద్దుకుని పళ్లెంలో పెట్టాడు. "నీ బిడ్డ కోసం మొక్కినవ్. నీ బిడ్డనే వచ్చి మాల తియ్యమన్నది. ఇగ ఆమెతోని కొట్లాడుతవా?" అన్నాడు. కొండకు వచ్చే ఏడు పోవచ్చని, ఈ ఏటికి ఇల్లే కొండ అనుకోమని పంపించేశాడు.

ఇంటికి వచ్చి, అద్దం ముందు నిలబడి, కత్తెరతో గడ్డం తీసుకున్నాను. కింద ఉన్నదంతా అప్పుడు బయటపడింది. దవడ పొడుగునా పుండ్లు, పొలుసులు, పసుపు పచ్చటి పెచ్చులు. దీన్ని నేను బిడ్డ దగ్గరికి తీసుకుపోబోయాను. గోరువెచ్చటి నీళ్లతో, సబ్బుతో మెల్లగా కడిగాను. ఉతికిన గుడ్డతో అద్దాను. మందు ఈసారి నేరుగా తోలు మీద పడింది. మంటకు కళ్లు చెమర్చాయి. పొడిబారిన బుగ్గలకు కోల్డ్ క్రీమ్ రాశాను. జిడ్డుగా ఉంది. తుడిచెయ్యలేదు.

తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు. వెనక గది వాళ్లది, ముందుగది నాది. నడుమ ఒక తలుపు. బిడ్డ ఏడిస్తే నేను లేచి నిలబడేవాణ్ణి, నిలబడి ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చునేవాణ్ణి. తలుపు అవతల నుంచి నా భార్య నాకు అన్నీ చెప్పేది. ఇప్పుడు తుమ్మింది. ఇప్పుడు కళ్లు తెరిచింది. ముక్కు నీదే, పాపం. "నీ మొఖం ఎట్లున్నది?" అని అడిగేది. "ఎండుతుంది" అనేవాణ్ణి. "ముట్టుకుంటున్నవా?" "లేదు." నిజంగానే లేదు. గుల పుట్టినప్పుడల్లా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పెచ్చులు ఎండి రాలేటప్పుడు పుట్టే గుల చీము పట్టినప్పటి కంటే ఘోరం. అయినా ముట్టలేదు. ముట్టితే ఆ తలుపు ఇంకో రోజు మూసే ఉంటుంది.

మాత్రలు అయిపోయాక డాక్టరమ్మ మళ్లీ లైటు పెట్టి చూసింది. ఎర్రటి మచ్చలు తప్ప పచ్చి ఎక్కడా లేదంది. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చంది. ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తులేదు. మా అత్తమ్మ నాతో మోచేతుల దాకా సబ్బు రుద్దించింది. చాలదని మళ్లీ రుద్దించింది. వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, ఒడిలో ఉతికిన గుడ్డ పరిచి, నా రెండు చేతుల్లో బిడ్డను పెట్టింది. "తలకాయ కింద చెయ్యి పెట్టు, జారనియ్యకు" అంది.

ఇంత తేలికగా ఉంటుందని అనుకోలేదు. కిటికీలోంచి ఎండ ఆమె ముఖం మీద పడింది. వంగి చూశాను. ముక్కు మీద, బుగ్గల మీద, గడ్డం మీద ఆవగింజ కంటే చిన్నవి, తెల్లటి పొక్కులు. "నాదే అంటుకున్నది. తీసుకో అత్తమ్మా, తీసుకో" అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడింది. అత్తమ్మ తీసుకోలేదు. నా భార్య మంచం మీద నుంచి లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"నీది కాదు. పుట్టిన పిల్లలకు గట్లనే ఉంటయట. దవాఖానలనే చెప్పిన్రు. ఏం రాయద్దట, ముట్టద్దట. వాటంతట అవే పోతయి" అంది.

ఊపిరి తీసుకున్నాను. బిడ్డ మళ్లీ కళ్లు మూసుకుంది. నేను కదలకుండా ఆ చిన్న పొక్కులనే చూస్తూ ఉండిపోయాను. సరిగ్గా అప్పుడే మాస్కు కింద, దవడ మూలన గుల లేచింది. నిప్పురవ్వ పడ్డట్టు లేచి చెవి దాకా పాకింది. నా చేతులు రెండూ బిడ్డ కింద ఉన్నాయి. పళ్లు బిగబట్టాను. మాస్కు కదిలినట్టుంది, నా భార్య చూసింది.

"గుల పెడుతుందా?" అంది.

"మస్తు పెడుతుంది."

"అయితే పిల్లను ఇటియ్యి, గోక్కో" అంది చేతులు చాపుతూ.

నేను ఇవ్వలేదు.